వారమంతా పరిగెడుతున్నా టైమ్ కదలట్లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

కొండాపూర్_నత్త
ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కి (21 కి.మీ.) పేరు ఇచ్చాను. పోయినేడాది 2 గంటల 31 నిమిషాలు పట్టింది. ఈసారి 2:20 లోపు రావాలని పంతం. వయసు 40. ఐటీ ఉద్యోగం, రాత్రి పదకొండు దాకా అమెరికా కాల్స్. పోయిన వారం ఇలా సాగింది, చూసి చెప్పండి.

సోమవారం రెస్ట్. మంగళవారం బొటానికల్ గార్డెన్‌లో 6 కి.మీ. ఈజీ, కిలోమీటర్‌కి 6:50 (ఆరు నిమిషాల యాభై సెకన్లు). నలుగురు అంకుల్స్ అడ్డంగా వరసకట్టి నడుస్తున్నారు, ఒకాయన జేబులో ఫోన్ సుప్రభాతం పాడుతోంది. పక్కకి జరగమంటే "దేనికి బాబూ అంత తొందర" అన్నారు. బుధవారం రాత్రి కాల్ పన్నెండున్నర దాకా సాగింది, అంచేత తెల్లారి పరుగు లేదు. గురువారం సాయంత్రం 7 కి.మీ., 6:45. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ అబ్బాయి నేను పరిగెత్తుకుంటూ రావడం చూసి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని కర్ర పట్టుకుని నిలబడ్డాడు. శనివారం 5 కి.మీ., 6:40. ఆదివారం 14 కి.మీ. లాంగ్ రన్, సగటు 7:00, కానీ చివరి మూడు కిలోమీటర్లు సగం నడకే.

వాచీ ప్రతి రన్‌కీ గుండె వేగం 160 పైనే చూపిస్తోంది. రెండు నెలలుగా ఇదే కథ. ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ స్ట్రావా రన్నింగ్ యాప్‌లో గ్రాఫ్ చూస్తే నీరసం రెట్టింపవుతోంది. ఇంకేం చేయాలి?

పాతబూట్లు
2:31 అంటే కిలోమీటర్‌కి 7:09. అది నీ రేస్ స్పీడ్. మంగళవారం "ఈజీ" అని రాసుకున్నది 6:50. రేస్ కన్నా స్పీడుగా పరిగెత్తి దానికి ఈజీ అని పేరెలా పెట్టావయ్యా?

తెల్లారగట్ట
పై పోస్ట్‌కి దండం. టాపిక్ ఇక్కడితో క్లోజ్ చేసేయొచ్చు.

బీచ్‌రోడ్_బుల్లోడు
క్లోజ్ ఎందుకు గురూ, ఇప్పుడేగా మొదలైంది. పోయినేడాది రేస్ ఆగస్టు ఉక్కలో, పంజాగుట్ట ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, కేబుల్ బ్రిడ్జి అన్నీ దాటి 21 కిలోమీటర్లు. దాన్ని తీసుకొచ్చి గార్డెన్‌లో చల్లటి నీడన పరిగెత్తిన 6 కిలోమీటర్లతో పోలిస్తే ఎలా? హైదరాబాద్ 7:09 మా ఆర్కే బీచ్ రోడ్డు మీద అయితే 6:45కి సమానం. నత్త గారి ఈజీ కాస్త ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ పాతబూట్లు చెప్పినంత ఘోరమేం కాదు.

పాతబూట్లు
సరే, స్పీడు పక్కన పెట్టు. 40 ఏళ్ళకి 220 లోంచి వయసు తీసేసే లెక్కన గుండె వేగం గరిష్ఠం 180. 208 లోంచి వయసులో 70 శాతం తీసేసే ఇంకో లెక్క ఉంది, దాంట్లో కూడా 180 వస్తుంది. నీ వాచీ చూపించే 160 అంటే అందులో దాదాపు 90 శాతం. ఈజీ రోజున 90 శాతం ఏంటి?

ఫిజియో_పిల్ల
ఆ రెండు లెక్కలూ సగటు మనిషికి. ఒకే వయసువాళ్ళలో అటు పది, ఇటు పది తేడా మామూలే. నా దగ్గరికి వచ్చే వాళ్ళకి నేను వాచీ విప్పేసి మాట్లాడమంటాను. పరిగెత్తుతూ ఒక పూర్తి వాక్యం, మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే అది ఈజీ. రెండు మూడు మాటలకే తెగిపోతే కాదు. నత్త గారూ, మంగళవారం ఆ అంకుల్‌తో గొడవ పెట్టుకోగలిగారా? పూర్తి వాక్యంలోనా?

కొండాపూర్_నత్త
"సార్... కొంచెం... సైడ్" అన్నాను. 😐

తెల్లారగట్ట
రిపోర్ట్ వచ్చేసింది. 😂

డల్లాస్_చెమట
ఒక్క మాట, మణికట్టు వాచీని మరీ నమ్మకండి. చెమట పట్టి స్ట్రాప్ వదులైతే లోపలి లైటు నాడిని కాకుండా అడుగుల ఊపుని లెక్కపెట్టేస్తుంది. నిమిషానికి 168 అడుగులు పడుతుంటే గుండె వేగం కూడా సరిగ్గా 168 చూపిస్తుంది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే అనుమానించాలి. స్ట్రాప్ మణికట్టు ఎముకకి రెండు వేళ్ళు పైన, బిగువుగా పెట్టండి. ఖచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టే బెల్ట్ కొనుక్కోవాలి.

ఇక ఉక్క సంగతి. గాల్లో తేమ ఎక్కువుంటే చెమట కారుతుంది తప్ప ఆరదు. ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఒళ్ళు చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు కూడా తోలాలి, కాళ్ళకీ పంపాలి. అందుకే అదే స్పీడుకి పది పదిహేను బీట్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఇక్కడ జూలైలో పొద్దున ఐదింటికే 27 డిగ్రీలు. నేను టెంపరేచర్ చూడను, డ్యూ పాయింట్ చూస్తాను, అంటే గాల్లో తేమ ఎంతుందో చెప్పే డిగ్రీల లెక్క. అది 21 దాటిందంటే ఆ రోజు స్పీడు గురించి ఆలోచించడం మానేస్తాను. వైట్‌రాక్ లేక్ చుట్టూ దాదాపు తొమ్మిది మైళ్ళు ఉంటుంది. వేసవిలో అక్కడ నా పరుగు చూస్తే మీ అంకుల్స్ నన్ను దాటేసి పోతారు.

బీచ్‌రోడ్_బుల్లోడు
డ్యూ పాయింట్ 21కే అలిసిపోతే వైజాగ్ రావద్దు సారూ. మాకు జూన్‌లో సముద్రమే మీద పడుతుంటుంది. కాకపోతే ఒక్క సుఖం ఉంది, పొద్దున్నే బీచ్ రోడ్డు మీదకి బళ్ళు రానివ్వరు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలెట్టి రోడ్డు మధ్యలో రాజాలా పరిగెత్తొచ్చు.

అమ్మలు_రన్స్
రోడ్డు మధ్యలో రాజాలా మీరు పరిగెత్తుతారు. మేము లైట్లు ఉన్న స్తంభాల లెక్క చూసుకుని రూటు వేసుకుంటాం. ఐదుంబావుకి బయల్దేరాలంటే మా ఆయన గానీ గ్రూప్‌లో ఎవరైనా గానీ ఉండాలి. ఒక్కదాన్నే అయితే ఆరు దాకా ఆగాలి. ఆరుకి వెళ్తే ఏడున్నరకి పిల్లల స్కూల్ బస్సు, ఆ లోపు బాక్సులు కట్టాలి. కాబట్టి నా వీక్‌డే రన్ ఎప్పుడూ అరగంటే. నాకు ఏ ట్రైనింగ్ ప్లానూ వర్తించదు.

నత్త గారికి మాత్రం ఒక సలహా. నాకూ ఇలాగే నెలల తరబడి ఏ రన్ చూసినా ఆయాసం, మెట్లెక్కినా ఆయాసం. ఉక్క అనుకున్నా, వయసనుకున్నా. తీరా రక్తపరీక్ష చేయిస్తే ఐరన్ బాగా తక్కువ. డాక్టర్ మాత్రలు రాశారు, భోజనం కాగానే టీ తాగొద్దన్నారు. కొన్ని నెలలకి మనిషినయ్యాను. మగవాళ్ళకి తక్కువేమో గానీ, ఒకసారి చూపించుకుంటే పోయేదేముంది. థైరాయిడ్, బీ12 కూడా.

ఫిజియో_పిల్ల
అమ్మలు గారి మాటకి నా ఓటు. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వల లెక్క) కూడా అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి లోపల నిల్వలు అడుగంటిన వాళ్ళు ఉంటారు. అయితే పరీక్ష చేయించకుండా ఐరన్ మాత్రలు మింగడం మాత్రం వద్దు.

రాగిజావ
ఇంతమంది ఇంత చెప్పారు, ఆ మనిషి ఏం తింటున్నాడో ఒక్కరూ అడగలేదు.

కొండాపూర్_నత్త
పరగడుపునే వెళ్తాను. ఆదివారం కూడా. ఫ్యాట్ కరుగుతుందని.

రాగిజావ
అదీ సంగతి. అరగంట రన్‌కి పరగడుపున పోతే పోనీ. గంటన్నర దాటే ఆదివారానికి ఏమీ తినకుండా పోతే చివరి మూడు కిలోమీటర్లు నడక కాక ఏమవుతుంది? బయల్దేరే ముందు ఒక అరటిపండు, అందులో పాతిక గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాములు పడాలంటారు. ఎనర్జీ జెల్ కొనక్కర్లేదు, ఖర్జూరాలు గింజ తీసి జేబులో వేసుకో. ముందు రోజు రాత్రి మా ఇంట్లో అన్నం, పప్పు, పెరుగు. నూనె కూర లేదు, పచ్చిమిరపకాయ బజ్జీ అసలే లేదు.

జావ సంగతి నా పేరులోనే ఉంది, అయినా చెబుతున్నా, పరుగుకి ముందు తాగకండి. పీచు ఎక్కువ. కడుపు మధ్యదారిలో మొదలెడుతుంది. తిరిగొచ్చాక తాగండి, మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ ముక్కలు వేసుకుని.

తెల్లారగట్ట
"కడుపు మధ్యదారిలో మొదలెడుతుంది" అని ఇంత సాఫీగా రాశారంటే వెనక పెద్ద కథే ఉండి ఉంటుంది.

రాగిజావ
నెక్లెస్ రోడ్డు మీద టాయిలెట్లు ఎక్కడెక్కడున్నాయో నాకు కంఠతా వచ్చు. అంతకంటే అడక్కు.

డల్లాస్_చెమట
నీళ్ళ గురించి కూడా ఒక మాట. గటగటా తాగేస్తే మంచిదనుకోవద్దు. నాలుగు గంటల పాటు వట్టి నీళ్ళే తాగుతూ నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళకి ఒంట్లో సోడియం పడిపోయి ప్రాణం మీదకి వచ్చిన సందర్భాలున్నాయి. దాహం వేసినప్పుడు తాగండి. ఓఆర్‌ఎస్ అయితే ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. లీటర్ ప్యాకెట్‌ని లీటర్ నీళ్ళలోనే కలపాలి, చిక్కగా ఉంటే బలం అని గ్లాసులో కలిపేయకండి.

మల్కాజిగిరి_మల్లన్న
వారం ప్లాన్ సంగతి నేను చెబుతా. సీలర్ అనే స్పోర్ట్స్ సైంటిస్ట్ ఎలీట్ అథ్లెట్లని చూసి 80-20 అన్నాడు, అంటే ఎనభై పాళ్ళు నెమ్మదిగా, ఇరవై పాళ్ళు గట్టిగా. అందరూ దాన్నే పట్టుకుని ఊగుతున్నరు. ఆ అథ్లెట్లు వారానికి నూట అరవై కిలోమీటర్లు కొడ్తరు. గంత దూరం గట్టిగా కొడితే ఒళ్ళు పచ్చడైతది కాబట్టి వాళ్ళకి నెమ్మదిగా తప్పదు. నత్త కొట్టేది వారానికి 32. దాంట్ల కూడా అన్నీ నెమ్మదిగా అంటే ఇంక కాళ్ళు స్పీడెప్పుడు నేర్చుకుంటయి? నేనైతే గురువారం గచ్చిబౌలి స్టేడియం ట్రాక్‌కి పోయి 400 మీటర్లు ఆరుసార్లు కొట్టమంటా, మధ్యల ఒకటిన్నర నిమిషం రెస్ట్.

పాతబూట్లు
అన్నీ నెమ్మదిగా అని ఎవరూ అనలేదు మల్లన్నా. ఇప్పుడు అతని నాలుగు రన్‌లూ ఒకే మధ్యస్థంలో ఉన్నాయి. నెమ్మది కాదు, స్పీడూ కాదు. మంగళవారం అలిసిపోతాడు కాబట్టి గురువారం గట్టిగా చేయలేడు, గురువారం సగం గట్టిగా చేశాడు కాబట్టి ఆదివారం నడుస్తాడు. 7:40కి వెళ్ళమను మంగళవారం. అప్పుడు నువ్వు చెప్పిన ఆరు 400లు గురువారం నిజంగా కొట్టగలడు.

మల్కాజిగిరి_మల్లన్న
గట్లయితే ఓకే. కాని 32 చాలదు. వారానికి రెండు మూడు కిలోమీటర్లు పెంచుకుంటూ ఆదివారం 18 దాకా పోవాలి. ఇంకొకటి, నువ్వు ఉరికేది చదును నేల మీద, రేస్ ఉండేది ఫ్లైఓవర్ల మీద. దగ్గర్ల ఏదో ఒక ఎత్తు చూసుకో.

కొండాపూర్_నత్త
7:40కి పరిగెత్తితే మోకాళ్ళు నొప్పెడుతున్నాయి, నిజం. స్పీడుగా వెళ్తే ఏమీ అనిపించదు. పైగా స్ట్రావాలో ఆఫీస్ వాళ్ళంతా ఉన్నారు, మా మేనేజర్‌తో సహా.

తెల్లారగట్ట
అసలు రోగం ఇప్పుడు బయటపడింది. మోకాళ్ళు కాదు, మేనేజర్.

ఫిజియో_పిల్ల
మోకాళ్ళ సంగతి ఉంటుంది లెండి, కొట్టిపారేయకండి. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు చాలామంది అడుగు తీసి మరీ ముందుకు వేస్తారు, మడమ మీద బరువు పడుతుంది. పొట్టి పొట్టి అడుగులు, తరచుగా వేయండి. శబ్దం రాకుండా పరిగెత్తడానికి ప్రయత్నిస్తే అదే సర్దుకుంటుంది. బూట్లు ఎన్నాళ్ళవి?

కొండాపూర్_నత్త
రెండేళ్ళవి. పైన కొత్తగానే ఉన్నాయి.

ఫిజియో_పిల్ల
పైన చూస్తే తెలియదు. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్యలో లోపలి ఫోమ్ చచ్చిపోతుంది. టేబుల్ మీద పెట్టి వెనక నుంచి చూడండి, ఒక పక్కకి ఒరిగి ఉంటే ఇక వీధి చివర కూరగాయలకే. ఇంకో సంగతి, రోడ్డు అంచున ఎప్పుడూ ఒకే పక్క పరిగెత్తితే వాలు వల్ల ఒక కాలికి ఎక్కువ దెబ్బ. ఎదురుగా వచ్చే బళ్ళు కనిపించేలా కుడి పక్కనే వెళ్ళాలి, నిజమే, కానీ పార్కులో అయినా దిశ మార్చండి.

నొప్పి గురించి అందరికీ: పిక్క ముందు ఎముక మీద వేలు పెట్టి నొక్కితే ఒకే చోట చురుక్కుమంటుంటే, ఒంటికాలి మీద గెంతితే నొప్పి పెరుగుతుంటే పరుగు ఆపేసి ఎముకల డాక్టర్‌కి చూపించండి. జెండూబామ్ రాసుకుని లాంగ్ రన్‌కి పోయేవాళ్ళని వారానికొకరిని చూస్తున్నా.

పాతబూట్లు
నా పేరు మార్చుకోవాల్సిన టైమొచ్చింది.

బీచ్‌రోడ్_బుల్లోడు
శివనాథ్ సింగ్ బూట్లు లేకుండానే పరిగెత్తేవాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలు. ఆ రికార్డు దశాబ్దాల పాటు దేశంలో ఎవడూ కదపలేకపోయాడు. మనం ఇరవై వేల బూట్లేసుకుని 2:31లో హాఫ్.

మల్కాజిగిరి_మల్లన్న
ఆయన చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండ తిరిగినోడు. మనం బాత్రూంకి కూడా స్లిప్పర్లు వేసుకుంటం. నత్తా, బుల్లోడి మాట విని రేపు బూట్లిప్పకు.

అమ్మలు_రన్స్
మా కాలనీలో ఆ గాజు పెంకుల మీద శివనాథ్ సింగ్ అయినా ఆలోచిస్తారు.

కుక్కల సంగతి ఎవరైనా చెప్పండి. మూడో గల్లీలో ఐదారు ఉన్నాయి. నడిచేవాళ్ళని ఏమీ అనవు, పరిగెత్తితే వెంటపడతాయి. వాటి వల్ల నా రూటులో కిలోమీటర్ పోయింది.

తెల్లారగట్ట
ఆ కిలోమీటరే నా బెస్ట్ టైమ్.

డల్లాస్_చెమట
నవ్వులాట కాదు. పరిగెత్తడం ఆపేయాలి. కళ్ళలోకి చూడకుండా, వీపు తిప్పి పారిపోకుండా, నెమ్మదిగా నడుస్తూ దాటాలి. నిజంగా కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్న గీతే కదా అని వదిలేయకూడదు.

రాగిజావ
మా వీధిలో టిఫిన్ బండాయన రోజూ నాలుగున్నరకి స్టవ్ వెలిగిస్తాడు. నిన్నటి మిగిలిన ఇడ్లీలు ముందు కుక్కలకి వేశాకే పిండి గరిటె పడతాడు. అందుకే అవి ఆయన బండి కింద పడుకుని కనీసం తోక కూడా ఊపవు. నేను ఆయనతో రెండు రోజులు కబుర్లు చెప్పాను, మూడో రోజు నుంచి అవి నన్నూ తమ మనిషి కింద కట్టేశాయి. అమ్మలు గారూ, గల్లీలో వాటికి అన్నం పెట్టేదెవరో కనుక్కుని పరిచయం చేసుకోండి. పరుగు మాత్రం ఆ చివర నుంచే మొదలెట్టండి.

అమ్మలు_రన్స్
ఇది పనికొచ్చే సలహా. మూలనున్న ఇస్త్రీ ఆయన పెడతాడు, మాట్లాడతా.

మల్కాజిగిరి_మల్లన్న
నత్తా, ఆదివారం లాంగ్ రన్‌లు ప్లాన్ చేసేటప్పుడు క్యాలెండర్ చూస్కో. ఆషాఢం ఆదివారాలన్నీ బోనాలే. మొదట గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, తర్వాత లాల్‌దర్వాజ. ఆ రోజు మా దిక్కు రోడ్ల మీద బారికేడ్లు, పొద్దున్నుంచే మైకులు. నేను ఆ వారాలకి లాంగ్ రన్ శనివారానికి మార్చేస్తా. ఆదివారం మా ఇంట్ల మటన్ తిన్నాక సోమవారం రెస్ట్ అని ప్లాన్‌ల రాయక్కర్లేదు, అదే అయితది.

కొండాపూర్_నత్త
వారం తర్వాత రిపోర్ట్. కొత్త బూట్లు కొన్నాను. మంగళవారం 7:45, వాచీ 146. అంకుల్స్ ముందు నడుస్తుంటే నాకూ దాటాలనిపించలేదు. వాళ్ళ వెనకే వెళ్తూ పెన్షన్ లెక్కలు, ఒకాయన అల్లుడి గొడవ పూర్తిగా విన్నా, మధ్యలో నేనూ రెండు వాక్యాలు అన్నా. పూర్తి వాక్యాలే. గురువారం ట్రాక్ మీద మల్లన్న 400లు ఆరింట్లో ఐదు బాగా పడ్డాయి, ఆరోది కాళ్ళీడ్చుకుంటూ. శనివారం రాత్రి పప్పన్నం, పెరుగన్నం. ఆదివారం అరటిపండు, ఖర్జూరాలతో 15, నడక లేదు.

టైమ్ మారిందని చెప్పను, వారంలో ఏం మారుతుంది. బుధవారం రాత్రి కాల్ మాత్రం అలాగే ఉంది. స్ట్రావాలో మంగళవారం రన్‌కి మా మేనేజర్ "అంతా ఓకేనా?" అని కామెంట్ పెట్టాడు.

పాతబూట్లు
ప్రైవేట్‌లో పెట్టేయ్ ఆ రన్. లేకపోతే కాల్ టైమ్ గురించి అదే కామెంట్ కింద అడుగు.

అమ్మలు_రన్స్
రక్తపరీక్ష?

కొండాపూర్_నత్త
శనివారం ఇస్తానండీ. పరగడుపునే రమ్మన్నారు. 🙂

తెల్లారగట్ట
అందరికీ ఒక ప్రశ్న. రేస్ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో అయిపోతుంది కదా. మరి బండి ఎక్కడ పెట్టాలి? మొదట్లోనా, చివర్లోనా?

రాగిజావ
చివర్లో. ఇరవై ఒక్క కిలోమీటర్లు అయ్యాక మళ్ళీ ఖైరతాబాద్ దాకా వెళ్ళే ఓపిక ఎవరికీ ఉండదు. బండి గచ్చిబౌలిలో పెట్టి తెల్లవారుజామున అక్కడినుంచి క్యాబ్‌లో పోవాలి. మెట్రోని నమ్ముకోకు, మామూలుగా ఆరింటికి గానీ మొదలవదు.

మల్కాజిగిరి_మల్లన్న
నేను మా తమ్ముడి ఇంటికాడ గచ్చిబౌలిలనే పడుకుంట ఆ రాత్రి. కార్ల ఇద్దరికి చోటుంది, మా తమ్ముడే దింపుతడు. మూడున్నరకి స్టేడియం గేటు కాడ ఉండాలి. రాగిజావ రావచ్చు, కాని కడుపు పని ఇంటికాడనే కానిచ్చుకుని రావాలి, నేను మధ్యల ఎక్కడా ఆపను.